హనుమకొండ నుంచి జూనియర్ టెన్నిస్ టోర్నీలకు: మొదటి ఏడాది నా అనుభవం

మా బిడ్డ 2024 ఏప్రిల్‌లో టోర్నీల కోసం సిద్ధం కావడం మొదలుపెట్టింది. 2025 జూన్‌లో ఆలిండియా ర్యాంకింగ్ జాబితాలో పేరు పడింది. ఈ మధ్యలో ఏమేం చేయాల్సి వచ్చింది, ఎక్కడ ఎంతకాలం ఆగాం, డబ్బు దేనికి పోయింది అన్నది వరుసగా రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఈ సంగతులు క్లబ్బులో పక్కన కూర్చున్న తల్లిదండ్రుల నోటే తెలిసిపోతాయి. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల, నిజామాబాద్ వైపు వాళ్లకు ఆ వీలు తక్కువ. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను: సింగిల్స్‌లో ఓడిపోగానే బస్సెక్కి ఇంటికి రావద్దు, డబుల్స్ ఆడించి రండి. ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది.

ముందు మారింది రాకెట్. అప్పటిదాకా 25 అంగుళాల అల్యూమినియం రాకెట్‌తో ఆడేది. ఎత్తు 140 సెంటీమీటర్లు దాటగానే కోచ్ సార్ 26 అంగుళాల గ్రాఫైట్ తీసుకోమన్నారు. పెద్దవాళ్ల రాకెట్ 27 అంగుళాలే కదా, ఇప్పుడే అది కొంటే ఒక ఖర్చు తప్పుతుందని చాలామంది అనుకుంటారు. అట్లా చేయొద్దు. పెద్ద రాకెట్ బరువును పిల్ల మణికట్టు సమయానికి ముందుకు తేలేదు. బంతి ఒంటిని దాటి వెనక్కి పోయాక తగులుతుంది, ఆ ఆలస్యాన్ని కప్పుకోవడానికి మోచేత్తో తోసి కొట్టడం అలవాటవుతుంది. షాపులో చూసుకునే పద్ధతి సులువే. నిటారుగా నిలబడి, రాకెట్ పట్టుకున్న చేతిని కిందికి వదిలితే రాకెట్ తల నేలకు ఆనీ ఆననట్టు ఉండాలి. పిడి పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలకూ అరచేతికీ నడుమ రెండో చేతి చూపుడువేలు పట్టేంత సందు ఉండాలి. సందు మరీ తక్కువైతే పిడి సన్నం, ఓవర్‌గ్రిప్ చుడితే సరిపోతుంది. సందు మరీ ఎక్కువైతే పిడి లావు, దాన్ని సన్నం చేయడం కష్టం. మాకు రాకెట్‌కు ఏడు వేల చిల్లర అయింది. టోర్నీలకు వెళ్లేటప్పటికి అలాంటిదే రెండోది కూడా కొన్నాం. ఆట నడుమ గట్ (రాకెట్‌కు అల్లిన తీగ) తెగితే చేతిలో ఇంకొకటి ఉండి తీరాలి.

రెండోది బంతి. పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నియమం పెట్టింది. ఎర్ర బంతి మామూలు దానికంటే 75 శాతం, నారింజ రంగుది 50 శాతం, పచ్చ చుక్క బంతి 25 శాతం నెమ్మదిగా పోతాయి. పచ్చ చుక్క నుంచి పసుపు బంతికి మారిన మొదటి నెల పిల్ల ఆట పాడైపోయినట్టే అనిపిస్తుంది. భయపడొద్దు. బంతి భుజం పైదాకా లేస్తుంది కాబట్టి ఎండ్ లైన్ వెనక ఇంకో రెండడుగులు నిలబడటం నేర్చుకోవాలి, అంతే. పసుపు బంతుల డబ్బా తెరిచిన రెండు మూడు వారాలకు లోపలి గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి సిమెంటు మీద వదిలితే కొత్త బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలి. గోడ మీద గీతలు గీసుకుని ఎప్పటికప్పుడు చూసుకోవచ్చు. చచ్చిన బంతులతో రోజూ ఆడిన పిల్ల టోర్నీలో కొత్త బంతి రాగానే ప్రతి దెబ్బా గీత అవతల వేస్తుంది.

కోర్టు సంగతి కూడా అంతే. మా దగ్గర నేర్చుకున్నది సిమెంటు కోర్టు. దాని మీద బంతి జారినట్టు తక్కువ ఎత్తులో వస్తుంది, బూటు అడుగు మూడు నెలల్లో అరుగుతుంది. టోర్నీల్లో ఉండే సింథటిక్ కోర్టుకు రంగులో సన్న ఇసుక కలిపి పొరలు పొరలుగా పూస్తారు, అది బంతిని పట్టి పైకి లేపుతుంది. వీలైతే టోర్నీకి ముందు వారం రెండు మూడు పూటలు సింథటిక్ కోర్టు గంటల లెక్కన తీసుకుని ఆడించండి. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర ఎండ నలభై దాటుతుంది. పొద్దున ఐదున్నరకు కోర్టు మీద ఉంటే ఏడున్నర దాకా, మళ్లీ సాయంత్రం ఆరు దాటాకే ఆట.

వేసవి నుంచి ఆగస్టు దాకా కాలమంతా సర్వ్ తినేసింది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అండర్-12లో సగం మ్యాచ్‌లు డబుల్ ఫాల్ట్‌లతోనే (రెండు సర్వ్‌లూ తప్పి పాయింటు పోవడం) పోతాయి. ఎండ్ లైన్ నుంచి నెట్‌కు 11.89 మీటర్లు. నెట్ నడుమ ఎత్తు 0.914 మీటర్లు. నెట్ దాటాక సర్వీస్ బాక్స్ (సర్వ్ పడాల్సిన గడి) లోతు 6.40 మీటర్లు. 140 సెంటీమీటర్ల పిల్ల చేయి చాచి కొట్టినా బంతి తగిలేది సుమారు రెండు మీటర్ల ఎత్తులో. ఆ ఎత్తు నుంచి నెట్ అంచు మీదుగా తిన్నగా గీత గీసి చూస్తే అది నేలను తాకేది నెట్‌కు పది మీటర్ల అవతల. అంటే బాక్స్ దాటి మూడున్నర మీటర్లు. తిన్నగా కొట్టి లోపల వేయాలంటే 2.6 మీటర్ల ఎత్తులో బంతి తగలాలి. కాబట్టి పిల్లలకు దారులు రెండే: వేగం బాగా తగ్గించడం, లేదంటే స్పిన్‌తో బంతిని కిందికి వంచడం. వేగం తగ్గిస్తే అవతలి పిల్ల ముందుకొచ్చి ఒక్క దెబ్బతో పాయింటు ముగిస్తుంది. మిగిలింది స్పిన్. ఆ స్పిన్ రావాలంటే రాకెట్‌ను సుత్తి పట్టుకున్నట్టు పట్టుకోవాలి, కోచ్‌లు దాన్నే కాంటినెంటల్ గ్రిప్ అంటారు. చిన్నప్పటి నుంచి అరచేయి బంతికి ఎదురుగా పెట్టి నెట్టడం అలవాటైన పిల్లకు ఆ పట్టు మార్చగానే బంతి పక్క కోర్టులోకి పోతుంది. రెండు మూడు నెలలు ఇదే తంతు. ఊళ్లో పిల్లలతో ఆడే మ్యాచ్‌లు కూడా వరసగా ఓడిపోయింది. ఏడ్చింది. పాత పట్టుకే పోదామని తను అడిగితే నాకూ అదే నయమనిపించేది, కోచ్ సార్ మాత్రం ఒప్పుకోలేదు. రోజుకు అరవై, డెబ్బై సర్వ్‌లకు మించి వేయించలేదు, అంతకంటే ఎక్కువైతే భుజం పట్టేస్తుందని. ఆగస్టు చివరికి రెండో సర్వ్ నెట్ మీద ఒక మీటరు ఎత్తున పోయి బాక్స్‌లో వంగి పడటం మొదలైంది.

జూలైలోనే ఐటా నంబరుకు దరఖాస్తు చేశాం. ఐటా అంటే ఆలిండియా టెన్నిస్ అసోసియేషన్. ఆ నంబరు లేకుండా ర్యాంకింగ్ టోర్నీలో పేరు ఇవ్వలేం. ఆన్‌లైన్ ఫారం, ఫొటో, జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, ఫీజు. చూడటానికి అరగంట పని. మన ఇళ్లల్లో ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే పేరు దగ్గర. జనన పత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బడి రికార్డులో చివరికి పోతుంది. మూడూ ఒకటిగా లేకపోతే దరఖాస్తు తిరిగొస్తుంది. అందుకే టెన్నిస్ సంగతి తర్వాత, ముందు పత్రాల్లో పేరు సరిచేయించండి. పత్రాలన్నీ సరిపోయాక నంబరు రావడానికి మాకు పది రోజుల దాకా పట్టింది.

తర్వాత టోర్నీ ఎంచుకోవడం. అండర్-12, 14, 16, 18 అని వయసు గ్రూపులు. వాటిలో కింది మెట్టు టాలెంట్ సిరీస్, పైన చాంపియన్‌షిప్ సిరీస్, ఆ పైన సూపర్ సిరీస్, నేషనల్ సిరీస్, చివర జాతీయ పోటీలు. ర్యాంకు లేని పిల్లకు టాలెంట్ సిరీసే సరైనది. క్యాలెండర్ చూసి రేపో ఎల్లుండో వెళ్దామంటే కుదరదు. మేము ఆడిన వాటిలో టోర్నీ మొదలయ్యే సోమవారానికి మూడు వారాల ముందే ఎంట్రీ గడువు ముగిసేది. పేరు వెనక్కి తీసుకోవడానికి ఇంకో వారం గడువు ఉండేది. అది దాటాక మానుకుంటే జరిమానా, ఆ జరిమానా కట్టేదాకా తర్వాతి ఎంట్రీలు ఆగిపోతాయి. గడువు ముగిశాక యాక్సెప్టెన్స్ లిస్ట్ వస్తుంది. పైన మెయిన్ డ్రా (అసలు పోటీ) పేర్లు, కింద క్వాలిఫయింగ్ (అసలు పోటీలోకి రావడానికి ముందు గెలవాల్సిన రౌండ్లు), ఆ కింద ఆల్టర్నేట్స్ (ఎవరైనా మానుకుంటే చోటు దొరికేవాళ్లు). కొత్త పిల్ల పేరు ఎప్పుడూ కింది నుంచే వెతుక్కోవాలి. టోర్నీ వివరాల పత్రాన్ని ఫ్యాక్ట్ షీట్ అంటారు. అందులో మూడు సంగతులు తప్పక చూసుకోండి: సైన్-ఇన్ ఏ రోజు ఏ సమయానికి, ఏ కంపెనీ బంతి, ఏ రకం కోర్టు. బంతి పేరు తెలిస్తే అదే బంతితో ఊళ్లో పది రోజులు ఆడించొచ్చు.

మొదటి టోర్నీ 2024 అక్టోబరులో, దసరా సెలవుల్లో, హైదరాబాద్‌లో. ప్రయాణం ఖర్చు పెద్దగా కాలేదు. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని హనుమకొండ నుంచి ఉప్పల్ దాకా వెళ్లాం, అక్కడి నుంచి మెట్రో. మూడు గంటల పైన పడుతుంది. రాకెట్ బ్యాగును పైన అరలో పెట్టించకండి. ఎండకు కాగిన బస్సు కప్పు కింద గట్ బిగువు తగ్గిపోతుంది, ఒళ్లోనే పెట్టుకోవాలి.

క్వాలిఫయింగ్ సైన్-ఇన్ ముందు రోజు సాయంత్రం రెండు గంటలపాటే ఉంటుంది. పిల్ల స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి, తల్లి పెడితే చెల్లదు. ఐదు నిమిషాలు ఆలస్యమైనా పేరు తీసేస్తారు, బతిమాలినా లాభం లేదు. సైన్-ఇన్ ముగిశాకే డ్రా (ఎవరితో ఎవరు ఆడాలన్న జాబితా) తీస్తారు, మ్యాచ్ ఎప్పుడన్నది రాత్రికి వస్తుంది. కాబట్టి పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొద్దామన్న ఆలోచన మొదటి రోజే పోతుంది. లాడ్జి తప్పదు. స్టేడియానికి దగ్గర్లో రాత్రికి పన్నెండు వందల నుంచి పద్దెనిమిది వందల దాకా అయింది.

అన్నిటికంటే కష్టమైంది ఎదురుచూపు. షెడ్యూల్‌లో మొదటి మ్యాచ్‌కే సమయం రాస్తారు. మిగతావన్నీ ‘ఫాలోడ్ బై’, అంటే ముందు మ్యాచ్ ఎప్పుడు ముగిస్తే అప్పుడు. కోర్టులో నాలుగో మ్యాచ్ అయితే పదకొండుకు రావచ్చు, రెండున్నరకూ రావచ్చు. పేరు పిలిచాక పదిహేను నిమిషాల్లో కోర్టు మీద లేకపోతే అవతలివాళ్లకు వాకోవర్, అంటే ఆడకుండానే గెలుపు. అందుకని కడుపునిండా తినిపించలేం, ఆకలితోనూ ఉంచలేం. మాకు సరిపడ్డ పద్ధతి ఇది: పొద్దున ఇడ్లీ లేదా పెరుగన్నం, తర్వాత గంటన్నరకోసారి ఒక అరటిపండు లేదా ఒక పల్లిపట్టి, సీసాలో ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరులో చిక్కగా కలిపితే దాహం తీరకపోగా కడుపు తిప్పుతుంది. చిన్న స్టూలు, గొడుగు, తడి తువ్వాలు తీసుకెళ్లండి. తల్లిదండ్రులకు నీడ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

కోర్టులోకి పోయాక అంపైర్ ఉండడు. టీవీలో టెన్నిస్ చూసి వచ్చినవాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. ఎవరి వైపు పడ్డ బంతికి వాళ్లే ‘ఔట్’ చెప్పాలి. స్కోరు సర్వ్ చేసేవాళ్లు ప్రతి పాయింటుకు ముందు గట్టిగా చెప్పాలి. నాలుగైదు కోర్టులకు ఒక అధికారి తిరుగుతూ ఉంటాడు, పిల్ల చెయ్యెత్తి పిలిస్తేనే వస్తాడు. బంతి గీతకు ఇసుమంత తాకినా లోపలే, అనుమానం ఉన్నా లోపల పడ్డట్టే లెక్క. ఊళ్లో ఈ అలవాటు లేని పిల్లలు రెండు విధాలుగా నష్టపోతారు. సందేహం వచ్చి నోరు తెరవకుండా ఆడేస్తారు, లేదంటే స్కోరు మర్చిపోతారు. స్కోరు మీద గొడవొస్తే ఏం చేయాలన్నది ఇంట్లోనే నేర్పి పంపండి. ఇద్దరూ ఒప్పుకున్న పాయింట్లు అట్లాగే ఉంటాయి, గొడవ ఉన్న పాయింటు ఒక్కటే మళ్లీ ఆడాలి. ఒక పిల్ల 40-30 అంటుంది, ఇంకో పిల్ల 30-40 అంటుంది, తేడా మొదటి పాయింటు ఎవరిదన్న దగ్గరే ఉందనుకోండి. తలా రెండు పాయింట్లు గెలిచారని ఇద్దరూ ఒప్పుకున్నట్టే కాబట్టి ఆట 30-30 నుంచి నడుస్తుంది. ఈ సంగతి తెలిసిన పిల్ల ఏడవదు, అధికారిని పిలిచి నెమ్మదిగా చెప్తుంది. కంచె బయట ఉన్న మనం నోరెత్తకూడదు. మేము ఆడిన టోర్నీల్లో ‘ముందుకు రా’ అన్న ఒక్క మాటకే పిల్లకు హెచ్చరిక వచ్చేది, రెండోసారికి పాయింటు పోయేది, మూడోసారికి గేమే పోయేది. చప్పట్లు కొట్టొచ్చు, అది కూడా పాయింటు ముగిశాక. కన్నబిడ్డ తప్పుచోట నిలబడి ఆడుతుంటే చేతులు కట్టుకుని చూడటం ఎంత బాధో అక్కడ నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది.

మా బిడ్డ క్వాలిఫయింగ్ చివరి రౌండులో ఓడిపోయింది. ముప్పావు గంటలో అయిపోయింది. ఎదురుచూసింది అంతకు ఎన్నో రెట్లు. మన వైపు తల్లిదండ్రులు చాలామంది ఈ పాటికి బ్యాగు సర్దేస్తారు. నేనూ లాడ్జి ఖాళీ చేద్దామా అని లెక్కలు వేసుకుంటున్నాను. ఇక్కడే రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, క్వాలిఫయింగ్ చివరి రౌండులో ఓడినవాళ్లకు లక్కీ లూజర్ అవకాశం ఉంటుంది. మెయిన్ డ్రాలో ఎవరైనా ఆఖరి క్షణంలో తప్పుకుంటే ఆ చోటు వీళ్లకు వస్తుంది. అయితే మర్నాడు పొద్దున మొదటి మ్యాచ్‌కు ముందే వచ్చి మళ్లీ సంతకం పెట్టాలి, పేరు పిలిచేదాకా బట్టలు మార్చుకుని సిద్ధంగా ఉండాలి. రెండోది, డబుల్స్ పేర్లు అక్కడికక్కడే తీసుకుంటారు. సింగిల్స్‌లో ఓడినవాళ్లూ ఇవ్వొచ్చు, జోడీ ఉంటే చాలు. సైన్-ఇన్ బల్ల దగ్గర మా పిల్లలాగే ఒంటరిగా నిలబడ్డ ఒక అమ్మాయి కనిపించింది. “అక్కా, నీకు పార్ట్‌నర్ ఉన్నరా?” అని అడిగింది మా బిడ్డ. అంతే.

డబుల్స్ గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. మన తెలుగు ఇళ్లల్లో టెన్నిస్ అంటే మొదట వచ్చే పేరు సానియా మీర్జా. ఆమె కెరీర్‌ను సంవత్సరాల వారీగా పెట్టి చూడండి. 2003లో వింబుల్డన్ బాలికల టైటిల్ వచ్చింది డబుల్స్‌లో, రష్యా అమ్మాయి అలిసా క్లెబనోవా జోడీగా. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచి డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ నెగ్గిన తొలి భారత మహిళ అయింది. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో 27వ ర్యాంకు, అదే ఆమె సింగిల్స్ శిఖరం. 2013లో సింగిల్స్ వదిలేసి పూర్తిగా డబుల్స్‌కు మళ్లింది. 2015 ఏప్రిల్ 13న డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది, 91 వారాలు వరసగా ఆ స్థానంలో ఉంది. ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లలో మూడు మిక్స్‌డ్ డబుల్స్, మూడు స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో కలిసి గెలిచిన మహిళల డబుల్స్. ఆరింటిలో ఒక్కటీ సింగిల్స్ కాదు. మన రాష్ట్రం నుంచి అంత ఎత్తుకు ఎదిగిన అమ్మాయికే డబుల్స్ అంత ఇస్తే, పదకొండేళ్ల పిల్ల డబుల్స్‌ను చిన్నచూపు చూడటానికి కారణమే లేదు.

ఆటపరంగా కూడా లాభమే. సింగిల్స్‌లో పన్నెండేళ్ల పిల్లలు నెట్ దగ్గరికే రారు. డబుల్స్‌లో ఒకరు అక్కడే నిలబడాలి, వాలీ (బంతి నేలను తాకకముందే కొట్టే దెబ్బ) తప్పనిసరిగా వస్తుంది. రిటర్న్ ఎప్పుడూ ఎదుటి మనిషిని తప్పించి ఏటవాలుగా వేయాలి కాబట్టి గురి కుదురుతుంది. 40-40 దగ్గర అడ్వాంటేజ్ ఉండదు, ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్. ఆ ఒత్తిడిలో రెండో సర్వ్ వేయడం ఏ ప్రాక్టీసులోనూ రాదు. మొదటి టోర్నీలో డబుల్స్ కూడా మొదటి రౌండులోనే పోయింది, కానీ టైబ్రేక్ దాకా లాగారు. తిరుగు బస్సులో మా బిడ్డ మాట్లాడింది మొత్తం ఆ టైబ్రేక్ గురించే.

నవంబరు నుంచి గట్టింగ్ తలనొప్పి మొదలైంది. బ్యాడ్మింటన్ రాకెట్లకు గట్టింగ్ చేసేవాళ్లు మన ఊళ్లల్లో దొరుకుతారు, టెన్నిస్ రాకెట్‌ను మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి. బ్యాడ్మింటన్ బిగువు 22 నుంచి 26 పౌండ్లు, టెన్నిస్‌ది దానికి రెట్టింపు. చిన్న మిషన్‌లో క్లాంపు జారుతుంది. రాకెట్‌ను తల దగ్గర, గొంతు దగ్గర గట్టిగా పట్టి ఉంచకుండా లాగితే ఫ్రేమ్ సాగి ఆకారం మారుతుంది, ఒక్కోసారి పగుళ్లిస్తుంది. మేము హైదరాబాద్‌కు పంపించి చేయించాం, రావడానికి మూడు నాలుగు రోజులు, మనిషి చేతికిచ్చి పంపితే ఒక్క రోజు. టోర్నీ పిల్లలంతా పాలిస్టర్ గట్ వాడుతున్నారని మనమూ అదే వేయించకూడదు. అది గట్టిది, తెగదు గానీ అదురు మొత్తం మోచేతికి, మణికట్టుకు పోతుంది. పైగా తెగకుండానే బిగువు చచ్చిపోతుంది. ఈ వయసుకు నైలాన్ లేదా మల్టీఫిలమెంట్ (సన్న పోగులు కలిపి పేనిన గట్), 1.30 మిల్లీమీటర్ల మందం, 46 నుంచి 48 పౌండ్ల బిగువు చాలు. వారానికి ఎన్ని రోజులు ఆడితే ఏడాదికి అన్నిసార్లు గట్టింగ్ మార్చాలన్నది ఆటగాళ్లలో పాత లెక్క. టోర్నీలు ఆడేవాళ్లకు అది కూడా సరిపోదు. మార్చిన తేదీ, బిగువు చిన్న కాగితం మీద రాసి రాకెట్ గొంతుకు అంటించండి.

2025 జనవరిలో మడమ నొప్పి వచ్చింది. పొద్దున మంచం దిగి కుంటేది, కోర్టులో ఒళ్లు వేడెక్కాక తగ్గేది, సాయంత్రానికి రెట్టింపు. ఎత్తు పెరిగే వయసులో మడమ ఎముక వెనక భాగం ఇంకా గట్టిపడి ఉండదు, పిక్క కండర తాడు దాన్ని లాగి లాగి వాపు తెస్తుంది. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య పరుగులాటలు ఆడే పిల్లల్లో మామూలుగా కనిపించేదే, సీవర్స్ అంటారని ఎముకల డాక్టరు గారు చెప్పారు. మందులతో కాదు, ఆగడంతో తగ్గేది అది. నెలరోజులు పరుగు పూర్తిగా బంద్. బూటులో సిలికాన్ మడమ మెత్తలు, రోజుకు రెండుసార్లు గోడకు చేతులానించి పిక్కలు సాగదీయడం, ఐసు. అరిగిన బూట్లతో సిమెంటు మీద ఆడటం దీన్ని ఎక్కువ చేస్తుంది. ఆ నెలలో కుర్చీలో కూర్చుని వాలీలు, నిలబడి సర్వ్‌కు బంతి ఎగరేయడం మాత్రం చేయించారు. ఎంట్రీ ఇచ్చిన టోర్నీ ఒకటి వదులుకోవాల్సి వచ్చింది. డాక్టరు సర్టిఫికెట్ పంపితే జరిమానా పడలేదు. పిల్ల దిగులు చూడలేకపోయేదాన్ని. మిగతావాళ్లు ముందుకు పోతున్నారన్న భయం పన్నెండేళ్లకే మొదలవుతుంది. సానియా 2008లో మణికట్టు గాయంతో బీజింగ్ ఒలింపిక్స్ మొదటి మ్యాచ్ మధ్యలోనే తప్పుకుని, కోలుకుని తిరిగొచ్చింది, ఆరు గ్రాండ్‌స్లామ్‌లూ ఆ తర్వాతే. ఆ తేదీలను వరసగా రాసి బిడ్డకు చూపించాను. ఊరడింపు మాటలకంటే అవే ఎక్కువ పనిచేశాయి.

మార్చి మధ్య నుంచి మెల్లగా ఆట, ఏప్రిల్ సెలవుల్లో మళ్లీ టోర్నీలు. ఈసారి మెయిన్ డ్రాలో చోటు దొరికింది, సింగిల్స్‌లో ఒక రౌండు గెలిచింది. డబుల్స్‌లో సెమీస్ దాకా పోయారు, అక్టోబరులో బల్ల దగ్గర దొరికిన ఆ అమ్మాయితోనే. సింగిల్స్ రెండో రౌండు మంగళవారం ముగిస్తే డబుల్స్ గురువారం దాకా నడిచింది. రెండు రాత్రుల లాడ్జి, తిండి కలిపి అదనంగా నాలుగు వేల పైన. ఆ నాలుగు వేలకు నేను ఒక్క రోజు కూడా బాధపడలేదు. పాయింట్లు వెంటనే కనిపించవు. నిర్వాహకులు ఫలితాలు పంపి, అవి జాబితాలో చేరి, పేరు పక్కన అంకె పడేసరికి జూన్ వచ్చింది. ర్యాంకు చాలా కిందే. అయినా యాక్సెప్టెన్స్ లిస్ట్‌లో పేరు కొంచెం పైకి జరుగుతుంది, క్వాలిఫయింగ్ ఆడాల్సిన శనివారం తప్పుతుంది, ఒక రాత్రి లాడ్జి మిగులుతుంది. ర్యాంకు వల్ల మొదట కలిగే లాభం ఇదే. ఈ పాయింట్లు 52 వారాలే ఉంటాయి, ఆ తర్వాత రాలిపోతాయి, వాటి చోట మళ్లీ ఏదో ఒకటి గెలిచి కొత్తవి తెచ్చుకోవాలి.

ఖర్చు: కోచింగ్ నెలకు మూడు వేలు. రెండు రాకెట్లు పద్నాలుగు వేల పైన. బూట్లు జత మూడున్నర వేలు, ఏడాదికి మూడు జతలు పట్టాయి. గట్టింగ్ ఒక్కోసారి ఏడెనిమిది వందలు. మూడు బంతుల డబ్బా నాలుగు వందల దగ్గర. టోర్నీ ఒక్కోదానికి ఎంట్రీ ఫీజు, లాడ్జి, తిండి, ఆటోలు అన్నీ కలిపి ఏడెనిమిది వేలు. మొత్తం లక్షన్నర దాటింది. ఇందులో తగ్గించుకోగలిగింది ప్రయాణం ఒక్కటే. బూట్ల దగ్గర తగ్గిస్తే ఆ డబ్బు డాక్టరు దగ్గర పెట్టాల్సి వస్తుంది. బడి గురించి కూడా చెప్పాలి. మెయిన్ డ్రా సోమవారం మొదలై శుక్రవారం దాకా పోతుంది. ఎంట్రీ ఇచ్చిన రోజే ఫ్యాక్ట్ షీట్ కాపీ జతచేసి సెలవు ఉత్తరం ఇస్తే, వచ్చాక ఆడినట్టు నిర్వాహకుల దగ్గర తీసుకున్న కాగితం చూపిస్తే బడివాళ్లు అభ్యంతరం పెట్టలేదు.

ఇక ముందుంది అండర్-14. పదమూడేళ్లు నిండాక అంతర్జాతీయ జూనియర్ టోర్నీలు ఆడొచ్చు. వాటికి ఐపిన్ అనే వేరే నంబరు తీసుకోవాలి, కింది మెట్టు జే30, జూనియర్ గ్రాండ్‌స్లామ్‌లను పక్కన పెడితే పై మెట్టు జే500. ఆ ర్యాంకింగ్‌లో ఆరు మంచి సింగిల్స్ ఫలితాలకు, ఆరు మంచి డబుల్స్ ఫలితాల్లో పావు వంతు కలుపుతారు. పాస్‌పోర్టులో పేరు కూడా జనన పత్రంలో ఉన్నట్టే ఉండాలి కాబట్టి ఇప్పటి నుంచే సరిచేయించుకుంటున్నాం. తర్వాతి టోర్నీ ఎంట్రీకి గడువు వచ్చే సోమవారం. డబుల్స్ జోడీ సంగతి ఈసారి బల్ల దగ్గర వెతుక్కోకుండా ఆ అమ్మాయి వాళ్ల అమ్మకు ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాం. లాడ్జి గది కూడా ఇద్దరు తల్లులం కలిసే తీసుకుంటున్నాం.